మంగళవారం దిద్దుబాట్లు

నా భార్య పోయిన ఐదో నెలలో, ఒక మంగళవారం మధ్యాహ్నం మూడూ పదికి, ఒక వాక్యం దిద్దింది.

అలాగని కంప్యూటరు చెప్పింది. పేజీ కింద చిన్న అక్షరాల్లో ఎవరు, ఎప్పుడు మార్చారో అది రాసుకుంటుంది. మనుషులు మర్యాదకి కొన్ని దాచుకుంటారు గానీ, దానికి ఆ అలవాటు లేదు. బుధవారం పొద్దున్నే టీ కప్పు పట్టుకుని కూర్చున్న నాకు తన పేరు కనపడింది. కప్పు కింద పెట్టేదాకా ఏం ఆలోచించలేదు. పెట్టాక, ఇంట్లో ఎవరో అబద్ధం ఆడుతున్నారనిపించింది.

మా ముందుగదే మా ఆఫీసు. పదకొండు వెబ్‌సైట్లు చూసుకునేవాళ్ళం. పళ్ళ డాక్టరుది, సంగీతం బడిది, సానిటరీ సామాన్ల కొట్టుది, ఇలా. అన్నిటికంటే పెద్దది కంటి ఆసుపత్రిది. కట్టేసి చేతులు దులుపుకునే పని కాదిది. డాక్టర్లు మారతారు, ఫోన్ నంబర్లు మారతాయి, క్లినిక్ వేళలు మారతాయి. మారిన రోజే పేజీలోనూ మారాలి. "లేకపోతే ఎవరో పెద్దాయన రెండు బస్సులు మారి వచ్చి, మూసిన తలుపు చూసి వెళ్తాడు" అనేది తను. మెనూలు, పేజీల అమరిక, బ్యాకప్పులు నావి. మాటలు తనవి.

వెబ్‌సైట్‌కి రెండు వైపులుంటాయి. జనం చూసేది ఒకటి, లాగిన్ అయి మేం పనిచేసేది ఇంకొకటి. తను మొదటిదాన్ని హాలు అనేది, రెండోదాన్ని వంటిల్లు అనేది. "హాల్లోకి ఎవరైనా రావచ్చు. వంటింట్లో మాత్రం ఎవరు ఏ గిన్నె కదిపారో నాకు తెలియాలి."

ఇప్పుడు ఆ వంటింట్లో ఎవరో తన గిన్నెలు కదుపుతున్నారు.

ఆ ఎండాకాలం ఆసుపత్రి సైట్ మొత్తాన్ని పాత వ్యవస్థ నుంచి కొత్తదానిలోకి మార్చాలి. నూట నలభై మూడు పేజీలు. వానలు పడేలోపు అయిపోవాలి. పేజీలన్నిటికీ ఒక పట్టిక రాసుకున్నాను. ఏది ఉంచాలి, ఏది మార్చాలి, ఏది తీసెయ్యాలి. ఆసుపత్రి మేనేజరు గారు ఒక షరతు పెట్టారు.

"పనిచేయని లాగిన్లన్నీ తీసెయ్యాలండీ. లేనివాళ్ళ తాళంచెవులు అలా వదిలెయ్యకూడదు." అనేసి నాలుక కరుచుకున్నారు. "మేడమ్ గారిది మాత్రం చివరి రోజు తీద్దురు లెండి. తొందరేం లేదు."

ఆ ఒక్క మాటకి ఆవిడ మీద గౌరవం పెరిగింది.

ఇంట్లో మేం ముగ్గురం. నేను, రక్తపరీక్షల లాబ్‌లో పనిచేసే మా అమ్మాయి, నా బావమరిది. అతను ప్రెస్సులో ఇరవై ఆరేళ్ళు ప్రూఫులు దిద్దాడు. పెళ్ళి శుభలేఖ కనిపించినా పెన్సిల్ తీసేవాడు. వాళ్ళ అక్క పెట్టిన పేరు కామా. ప్రెస్సు మూతపడినప్పుడు వారం ఉండి వెళ్తానని వచ్చాడు, అప్పటికి ఆరేళ్ళు. కొత్త సైట్‌లోకి మార్చిన ప్రతి పేజీ ఒకసారి చదివే పని అతనికి అప్పజెప్పాను. అతని లాగిన్‌కి చూసే హక్కే ఇచ్చాను. తప్పు కనపడితే పక్కన నోట్ పెట్టవచ్చు. ఒక్క అక్షరం కూడా మార్చలేడు. "వడ్డించే గరిట ఇవ్వవన్నమాట, రుచి చూసి చెప్పమంటావు" అని నవ్వాడు అప్పుడు.

దిద్దిన పేజీ పేరు 'కంట్లో చుక్కల మందు వేసుకోవడం ఎలా'. తను రాసిన వాటిలో నాకు బాగా ఇష్టమైనది. పక్కన కూర్చుని చెప్తున్నట్టు ఉంటుంది. ఆసుపత్రి వాళ్ళు దాన్ని అచ్చు తీసి రోగులకి పంచుతారు. అందులో కొత్తగా ఇలా చేరింది: "చుక్క పడ్డాక కన్ను గట్టిగా పిండకండి. ముక్కు పక్కన, కంటి మూల దగ్గర, వేలితో మెల్లగా నొక్కి పట్టుకోండి."

ఏ ఇంటర్నెట్ కనెక్షన్ నుంచి వచ్చి మార్చారో చూశాను. మా ఇంటిదే.

"కామా, నిన్న మధ్యాహ్నం కంప్యూటరు ముట్టుకున్నావా?"

"ముట్టుకుంటే అరుగుతుందా బావా?"

"అడిగినదానికి చెప్పు."

"నువ్వు పడుకున్నప్పుడు నీ కుర్చీలో కూర్చునే ధైర్యం నాకెక్కడిది? నా గదిలో, నా డొక్కు లాప్‌టాప్‌లో, నువ్విచ్చిన పేజీలు చూసుకుంటున్నాను. నలభై రెండో పేజీలో డాక్టరుగారి ఇంటిపేరు రెండు రకాలుగా ఉంది. నోట్ పెట్టాను, చూసుకో."

చెబుతూ తన కప్పులోకి టీ వంపుకున్నాడు. కొంత కప్పులో, కొంత బల్ల మీద పడింది. తుడుచుకుంటూ నా వైపు చూడలేదు. తప్పు చేసినవాడి చెయ్యి అలాగే తడబడుతుందని మనసులో రాసుకున్నాను.

సాయంత్రం మా అమ్మాయి చెప్పులు విప్పుతుండగానే అడిగాను.

"అమ్మ పాస్‌వర్డ్ నీకు తెలుసా?"

"నాకెందుకు నాన్నా? రోజంతా జనం చేతులకి సూదులు గుచ్చుకునేదాన్ని." సంచి కుర్చీలో పడేసింది. "ఏమైంది?"

చెప్పాను.

"మూడూ పదికి నేను లాబ్‌లో ఉన్నాను. నువ్వు గుర్రుపెడుతున్నావు. అంటే మావయ్యని అనుమానిస్తున్నావు."

"అనుమానం అనకు. చూస్తున్నాను, అంతే."

"పోనీ అమ్మే వచ్చిందనుకో. దయ్యమైనా అమ్మ చేసే పని అదే, కూర్చుని వాక్యాలు దిద్దుతుంది." నవ్వించాలని అంది. నాకు నవ్వు రాకపోవడం చూసి, నా ఫోన్ తీసుకుని చార్జింగ్‌కి పెట్టి వెళ్ళింది. మాటలు తప్పినప్పుడు అలా ఏదో ఒక చిన్న పని చేసిపెడుతుంది.

పాత ప్రతిని వెనక్కి తెచ్చే బొత్తాం ఒకటుంటుంది. నొక్కాను. తను రాసింది రాసినట్టు వచ్చేసింది.

తర్వాతి మంగళవారం మధ్యాహ్నం పోయిన వాక్యం మళ్ళీ వచ్చింది, దానికి తోడు ఇంకొకటి: "చుక్క కంట్లో పడిందో బుగ్గ మీద పడిందో తెలియకపోతే, సీసాను ఫ్రిజ్‌లో పెట్టవచ్చా అని డాక్టరుగారిని అడగండి. చల్లగా తగిలితే పడినట్టే." నేను తీసేశాను. ఆ పై మంగళవారం మళ్ళీ వచ్చింది. తీసేశాను. చనిపోయిన మనిషి పేరు మీద ఒకరు రాయడం, ఒకరు చెరపడం. ఒకే కప్పు కింద భోంచేస్తూ, ఒకరికొకరు నీళ్ళ గ్లాసు అందించుకుంటూ మేం చేసిన పని అది.

ఒకసారి కన్ను పడ్డాక అన్నీ కనపడతాయి. మంగళవారం తొమ్మిదింటికల్లా ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్తున్నాడు. ఎక్కడికంటే, ప్రెస్సులో పనిచేసిన పాత స్నేహితుణ్ణి చూడటానికట. ఏ స్నేహితుడూ ఒక్కసారి మా ఇంటికి రాలేదు. తలుపు చప్పుడైతే లాప్‌టాప్ మూస్తాడు. ఒకరోజు మూసేలోపు చూశాను. తెర నిండా ఒక్క వాక్యం, నా అరచెయ్యంత అక్షరాలు. దూరంనుంచి ఎవరికో చూపిస్తున్నాడా అనుకున్నాను. ఫ్రిజ్ తలుపులో, గుడ్ల పక్కన, వేలెడంత సీసా ఒకటి కనిపించింది. అమ్మాయిది కాబోలనుకుని వదిలేశాను. అది తప్ప అన్నీ పట్టించుకున్నాను చూడండి.

ఆ రోజుల్లోనే కొత్త కంపెనీ వాళ్ళెవరో ఆసుపత్రి సైట్ తమకిమ్మని తిరుగుతున్నారని విన్నాను. ముడి నేనే వేసుకున్నాను. వాళ్ళతో వీడు చేతులు కలిపాడు. మా పేజీలు చెడగొడుతున్నాడు, మార్పు నాటికి అంతా తప్పులతడకని చూపించడానికి.

బజారులో జరిగింది దీనికి మేకు కొట్టినట్టయింది. ఫ్యూజులు కొందామని వెళ్తుంటే ఎదురుగా వస్తున్నాడు. నేను మందుల షాపు మెట్ల దగ్గర నిలబడ్డాను. చెయ్యి ఎత్తాను. మూరెడు దూరంలోంచి, చూసీ చూడనట్టు, ముందుకే చూస్తూ వెళ్ళిపోయాడు. ఆరేళ్ళుగా ఒకే ఇంట్లో ఉన్న మనిషి.

ఇంటికి వచ్చి నా భార్య పాస్‌వర్డ్ మార్చేశాను. అంతటితో ఆగలేదు. ఏ మార్పు ఎవరిదో ఇక నమ్మలేక, ఎందుకైనా మంచిదని ఆ పేజీ చరిత్రలో అట్టడుగుకి వెళ్ళి, తను మొట్టమొదట రాసిన ప్రతిని తెచ్చి పెట్టాను. అదైతే నికార్సుగా తనదే. ఆ రాత మళ్ళీ చదువుకుని కాస్త కుదుటపడ్డాను కూడా.

ఆ మంగళవారం బయటినుంచి వచ్చాక కామా సాయంత్రం దాకా గది వదిలి రాలేదు. వచ్చి వంటగది గుమ్మానికి భుజం తగిలించుకుని, రుద్దుకుంటూ నిలబడ్డాడు.

"బావా, అక్క రాసిన పేజీలు ఉన్నవి ఉన్నట్టే కొత్తదానిలోకి వెళ్తాయా?"

"ఎందుకు?"

"ఊరికే. చుక్కల పేజీ ఒకసారి చూడు. రెండు మందుల మధ్య ఎంతసేపు ఆగాలో, అక్కడ..."

"అది మీ అక్క రాసింది. ఒక్క అక్షరం కూడా మార్చను."

"అక్కే ఉంటే మార్చేది."

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. గొంతు మాత్రం పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేదేమో, తర్వాత సర్దుకోవడానికి వీలుండేది. "ఈ పని పూర్తయ్యాక నువ్వు వేరే గది చూసుకో కామా. అందరికీ హాయిగా ఉంటుంది" అన్నాను.

మా అమ్మాయి చేతిలో గరిట ఆగిపోయింది.

"సరే బావా" అన్నాడు కామా. ఎదురు జోకు లేదు.

తర్వాత రెండు వారాలు ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. మా అమ్మాయి నాకు కావలసినవన్నీ చేసిపెట్టేది, మాట్లాడేది కాదు. కామా తన వంతు పేజీలకి నోట్లు పెడుతూనే ఉన్నాడు. నూట నలభై మూడులో ఒక్కటి కూడా వదల్లేదు. అది కూడా నాకు నటనలాగే కనిపించింది.

కొత్త సైట్ తెరవడానికి ఆరు రోజులుందనగా, మంగళవారం పొద్దున మేనేజరు గారు పిలిపించారు. ఆవిడ బల్ల మీద మా చుక్కల పేజీ అచ్చు కాగితం ఉంది.

"రెండు రకాల చుక్కలు వేసుకునేవాళ్ళు మధ్యలో ఒక నిమిషం ఆగమని ఉందండీ ఇందులో. మా డాక్టర్లు ఐదు నిమిషాలని చెప్పి ఏడాది దాటింది. లేకపోతే రెండోది మొదటిదాన్ని కడిగేస్తుంది. ఇన్నాళ్ళూ సరిగ్గానే ఉండేది. ఇప్పుడు మళ్ళీ ఒక నిమిషం ఎలా అయింది?"

ఎలా అయిందో నాకు తెలుసు. మొట్టమొదటి ప్రతిని తెచ్చి పెట్టింది నేనే.

"ఎవరికైనా... ఏమైనా అయిందా?"

"లేదు. అదృష్టం. పోయిన వారం మంగళవారం పేషెంట్ ఒకాయన పట్టుకున్నారు. నీటికాసుల క్లినిక్‌కి, అదే గ్లాకోమాకి, వస్తారాయన. మంగళవారం పేషెంట్ అంటారు ఇక్కడందరూ. కాగితాలు పంచే సిస్టర్ దగ్గర కట్టంతా తీసుకుని, కూర్చుని ఒక్కొక్కటీ పెన్సిల్‌తో దిద్ది ఇచ్చారట. ఎనభై కాగితాలు. ఇదిగో, అందులోదే."

కాగితం నా వైపు తిప్పారు. 'ఒక' అనే మాట చుట్టూ సున్నా. అక్కణ్ణుంచి మార్జిన్‌లోకి వంపు తిరిగిన గీత. చివర 'ఐదు'. దాని కింద, అవసరం ఉన్నా లేకపోయినా, వాక్యం మధ్యలో ఒక కామా.

ఆరేళ్ళుగా మా ఇంటి కిరాణా చీటీల మీద, కరెంటు బిల్లుల మీద చూస్తున్న పెన్సిల్ అది.

నీటికాసుల క్లినిక్, మంగళవారం, పది నుంచి ఒంటిగంట దాకా. ఆ వేళల పట్టికను సైట్‌లో పెట్టింది నేనే. నా చేత్తో టైప్ చేశాను.

"ఆయన ఇవాళ వచ్చారా?" అని అడిగాను.

"బయట బెంచీల మీద ఉంటారు చూడండి. నీలం చొక్కా."

నడవా చివర, కిటికీ పక్క బెంచీ మీద ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా. ఒళ్ళో నాలుగు కాగితాలు, చెవి వెనక పెన్సిల్. ఒక కాగితాన్ని ముక్కుకి జానెడు దూరంలో పట్టుకుని, తలని ఎడమ నుంచి కుడికి మెల్లగా జరుపుతూ చదువుతున్నాడు. కళ్ళు కదిపితే సరిపోయేదానికి తలంతా కదుపుతున్నాడు. ఎదురుగా వెళ్ళే ధైర్యం లేక పక్కనుంచి వెళ్ళాను. అతని పక్క ఖాళీలో కూర్చున్నాను. మోచెయ్యికీ మోచెయ్యికీ మధ్య బెత్తెడు దూరం.

అతను నా వైపు తిరగలేదు. కాసేపటికి, పక్కన ఎవరో కూర్చున్నట్టు బెంచీ కదలికని బట్టి తెలిసింది కాబోలు, ముందుకే చూస్తూ మర్యాదగా అడిగాడు.

"ఇంకా ఎంతమంది ఉన్నారండీ ముందు?"

బజారులో చెయ్యి ఎత్తి నిలబడ్డ నన్ను నేను అప్పుడు చూసుకున్నాను.

"నలుగురు" అన్నాను.

అతని చేతిలో కాగితం ఒళ్ళోకి దిగింది. అప్పుడు తిప్పాడు తల, పూర్తిగా, నా మొహం మధ్యకి వచ్చేదాకా.

"బావా."

"ఎన్నాళ్ళనుంచి?"

"మూడేళ్ళవుతోంది." కాగితాల అంచులు సరిచేశాడు. "పక్కలు పోయాయి. పోయింది రాదట, ఉన్నది నిలబెట్టుకోవాలట. మధ్యలో బాగానే ఉంది. గొట్టంలోంచి చూసినట్టు. ఒక్కో వాక్యానికి సరిపోతుంది."

"నాకు చెప్పలేదు."

"అక్క వద్దంది. అప్పుడు తన వైద్యం నడుస్తోందిగా. 'మీ బావ ఇప్పటికే ఒక ఆసుపత్రి మెట్లు ఎక్కి దిగుతున్నాడురా, రెండోది ఎక్కించకు' అంది. తర్వాత... ఎలా చెప్తాను? చూపు ఆనని ప్రూఫ్ రీడరుకి ఎవరైనా పేజీలిస్తారా? నువ్వైనా?"

జవాబు నాకూ తెలుసు, అతనికీ తెలుసు.

"ఆ పేజీ..."

"ఇద్దరం రాశాం. నేను చుక్క వేసుకుంటూ, ఏమవుతోందో చెప్పేవాణ్ణి. అక్క టైప్ చేసేది. తన వేళ్ళు మొద్దుబారాక లాగిన్ నాకే ఇచ్చింది. 'పేషెంట్‌వి నువ్వు, నువ్వే దిద్దు' అంది. ఇక్కడ బెంచీ మీద వీళ్ళు అడిగేవి, డాక్టరుగారు చెప్పేవి, ఇంటికెళ్ళి చేర్చేవాణ్ణి. తను పోయాక ఆపుదామనుకున్నాను. ఆపితే ఈ జనం పాత కాగితమే పట్టుకెళ్తారు కదా బావా." కొంచెం నవ్వాడు. "నువ్వు చెరుపుతున్నావని తెలుస్తూనే ఉంది. ఇంకెవరు చెరుపుతారు? అక్క మాటల్ని కాపలా కాస్తున్నావనుకున్నాను. కోపం రాలేదు."

నేను ఇన్నాళ్ళుగా చదువుకుని కుదుటపడిన వాక్యాల్లో సగం ఇతనివి. తన గొంతు అనుకున్నది ఇద్దరిది. దుఃఖం రావాలి నాకు. వింతగా, ఇంట్లో ఇంకా ఆ సగం మిగిలి ఉందనిపించింది.

"గది చూశావా?" అన్నాను.

"చూశాను. ఇక్కడికి దగ్గరే, రోడ్డు దాటక్కర్లేదు. కాకపోతే నిలువు మెట్లు."

"అయితే వద్దు."

"నువ్వే కదా..."

"వద్దన్నాను కదా కామా. నాకు నూట నలభై మూడు పేజీలున్నాయి."

నర్సు అతని నంబరు పిలిచింది. లేచాడు. చెయ్యి చాపాను గానీ, అతనికి అది కనపడే చోట లేదు. కొంచెం ముందుకి జరిపాను. పట్టుకున్నాడు.

ఆదివారం మధ్యాహ్నానికి సైట్ మార్పు పూర్తయింది. చుక్కల పేజీలో అతని వాక్యాలన్నీ పెట్టి, మేనేజరు గారికీ డాక్టరుగారికీ చూపించి ఖాయం చేసుకున్నాను. ఇక మిగిలింది నా భార్య లాగిన్ తీసెయ్యడం. కామాని నా కుర్చీలో కూర్చోబెట్టి, నేను స్టూలు లాక్కున్నాను. మా అమ్మాయి వెనకాల నిలబడింది.

తీసెయ్ అనగానే ఆ వ్యవస్థ ఊరికే తీసెయ్యదు, ఒక ప్రశ్న అడుగుతుంది. ఈ మనిషి రాసినవన్నీ ఏం చేయాలి? చెరిపెయ్యాలా, ఇంకొకరి పేరు మీదికి మార్చాలా? ఎన్నోసార్లు చూసిన ప్రశ్నే. ఇన్నాళ్ళూ ఏదో తొందరలో, చదవకుండానే నొక్కేసి ఉంటాను.

కామాకి ఉన్న పాత లాగిన్ తెరిచి, రాసే హక్కు, దిద్దే హక్కు, ప్రచురించే హక్కు అన్నీ ఇచ్చాను. పేజీ కింద కనపడే పేరు అనే గడి ఖాళీగా ఉంది.

"ఏం పేరు పెట్టను?"

"నా పేరు పెట్టకు బావా. అక్క పేరు తీసి నా పేరంటే..."

"ఆసుపత్రిలో నీకొక పేరుందిగా" అని, మంగళవారం పేషెంట్ అని కొట్టాను. తెర పెద్దది చేసి చూపించాను. ముందుకి వంగి, తల ఎడమ నుంచి కుడికి జరిపి చదివాడు.

"మధ్యలో కామా లేదే?" అన్నాడు.

మా అమ్మాయి ఇన్ని రోజుల తర్వాత మొదటిసారి పకపకా నవ్వింది. ఆ నవ్వులోనే, తను రాసినవన్నీ ఆ పేరు మీదికి మార్చమని బొత్తాం నొక్కేశాను. మా వంటింటి జాబితాలోంచి తన పేరు పోయింది. తను పెట్టినవన్నీ పెట్టినట్టే ఉన్నాయి.

రెండు రోజులకి, మంగళవారం తొమ్మిదింటికి నేనూ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను. తొలి వాన పడి రోడ్డు అక్కడక్కడా తడిసి ఉంది. పక్కన నడిస్తే అతనికి కనపడనని తెలిసింది కాబట్టి, రెండడుగులు ముందు, సరిగ్గా మధ్యలో నడిచాను.

"ఇదేం నడక బావా? నీ వీపు తప్ప ఇంకేం కనపడట్లేదు."

"కనపడుతోందిగా. చాల్లే. గుంట ఉంది, ఎడమకి జరుగు."